లేజర్ కటింగ్‌లో కెర్ఫ్ అంటే ఏమిటి? 50 మి.మీ. గీస్తే ముక్క ఎందుకు తగ్గుతుంది?

కెర్ఫ్ అంటే లేజర్ కోసినచోట కాలి ఆవిరైపోయిన సందు వెడల్పు. రంపంతో కోస్తే కొంత చెక్క పొట్టుగా రాలుతుంది కదా, అలాంటిదే. ఇక్కడ పొట్టుకు బదులు పొగ. కిరణానికీ మందం ఉంటుంది కాబట్టి గీతకు రెండు వైపులా సగం సగం తినేస్తుంది.

3 మి.మీ. ప్లైవుడ్‌లో కెర్ఫ్ 0.2 మి.మీ. అనుకోండి. 50 మి.మీ. చదరం గీస్తే ముక్క 49.8 వస్తుంది, షీట్‌లో మిగిలిన రంధ్రం 50.2. ముక్కను మళ్లీ అందులో పెడితే లొడలొడలాడుతుంది. అతికినట్టు కూర్చోవాలంటే ఇంకో ముక్కను 50.4కి గీసి కోయాలి.

ఇది మెషీన్ లోపం కాదు. పోనీ, మెషీన్‌కు ఒకే కెర్ఫ్ ఉంటుందా అంటే అదీ కాదు: మెటీరియల్, మందం, ఫోకస్, పవర్, స్పీడ్‌లలో ఏది మారినా ఆ అంకె మారుతుంది.