“మీకు దేవుడు ఒక్కడా, ముగ్గురా?” అని ముస్లిం ఫ్రెండ్ అడిగితే ఏం చెప్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైంది. ఆఫీసులో మీ ముస్లిం ఫ్రెండ్ త్రిత్వం గురించి, అంటే ఒకే దేవుడు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మగా ఉన్నాడన్న మన నమ్మకం గురించి అడిగితే మీరు నీళ్ళు, ఐసు, ఆవిరి ఉదాహరణ చెప్పారు. ఆయన వెంటనే “మరి ఈసా ప్రార్థన చేసింది ఎవరికి? తనకి తనేనా?” అన్నాడు. (యేసును ముస్లింలు ఈసా అంటారు.) మీకు జవాబు తోచలేదు. ఇప్పుడు మళ్ళీ ఆ మాట వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

నాది నంద్యాల. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో పుట్టి పెరిగాను. స్కూల్లో పాఠాలు చెబుతాను. మా వీధిలోనూ, స్టాఫ్ రూములోనూ ముస్లింలు చాలామంది. లెక్కల సారు ఒకాయనతో నాకు ఏళ్ళ తరబడి ఇదే చర్చ. ఆయన దగ్గర నేర్చుకున్నదే ఎక్కువగా రాస్తున్నాను.

ముందు ఆ నీళ్ళ ఉదాహరణ మానేయండి. ఒకే దేవుడు ఒకసారి తండ్రిగా, ఇంకోసారి కుమారుడిగా, మరోసారి ఆత్మగా కనబడతాడని దాని అర్థం. 3వ శతాబ్దంలో సబెల్లియస్ పేరు మీద ఇలాంటి బోధే వస్తే సంఘం ఒప్పుకోలేదు. యొర్దాను నదిలో యేసు బాప్తిస్మం గుర్తు చేసుకోండి. కుమారుడు నీళ్ళలో ఉన్నాడు, ఆత్మ ఆయన మీదికి దిగుతున్నాడు, తండ్రి స్వరం పైనుంచి వినబడుతోంది. ముగ్గురూ ఒకే సమయంలో ఉన్నారు. ఐసు, ఆవిరి లెక్కలో ఇది కుదరదు. మీ ఫ్రెండ్ సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు. ఆయన ప్రశ్న మంచి ప్రశ్న.

ఇంకోసారి మాట వస్తే మీరు వివరించడం మొదలుపెట్టకండి. “మేం ఏం నమ్ముతామని మీరు అనుకుంటున్నారు భాయ్?” అని అడగండి. నేను అడిగినప్పుడు మా లెక్కల సారు చెప్పింది ఇది: అల్లా, మర్యం, వాళ్ళకు పుట్టిన ఈసా. ఇదే మన త్రిత్వమని ఆయన చిన్నప్పటి నుంచీ అనుకుంటున్నాడు. ఇందులో ఆయన తప్పు లేదు. ఖుర్ఆన్ 5:116లో “అల్లాను వదిలి నన్నూ నా తల్లినీ దేవుళ్ళుగా చేసుకోండని నువ్వు చెప్పావా?” అని దేవుడు ఈసాను అడుగుతాడు. పైగా ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకు వెళ్ళే జనాన్ని చూసినవాళ్ళకు ఆ అనుమానం బలపడుతుంది. కాబట్టి మొదటి మాటగా ఇది చెప్పండి: మరియమ్మ త్రిత్వంలో లేదు. ఆమెను ఎంతో గౌరవించే కేథలిక్కులు కూడా ఆమెను దేవుడనరు. దేవుడికి భార్య ఉందని, ఆయన శరీరరీతిగా కొడుకును కన్నాడని త్రిత్వాన్ని నమ్మే ఏ సంఘమూ నమ్మదు. ఆ మాట మనకూ దైవదూషణే.

ఈ అపార్థం చాలా పాతది. 781 ప్రాంతంలో బాగ్దాద్‌లో అబ్బాసీ ఖలీఫా అల్ మహ్దీ, అక్కడి తూర్పు సంఘానికి పెద్ద అయిన తిమోతి రెండు రోజులు కూర్చుని మాట్లాడుకున్నారు. తిమోతి దాన్ని ఉత్తరంగా రాసి పెట్టాడు. ఇంత చదువుకున్న మీరు దేవుడు ఒక స్త్రీని కట్టుకుని కొడుకును కన్నాడని ఎలా అంటారు అన్నదే ఖలీఫా వేసిన మొదటి ప్రశ్న. అలాంటి దూషణ ఎవరన్నారు అని తిమోతి ఎదురడిగాడు. పన్నెండు వందల ఏళ్ళు దాటినా మన స్టాఫ్ రూముల్లో సంభాషణ అక్కడే మొదలవుతోంది. ఆ ఉత్తరంలో నన్ను కదిలించేది మరొకటి ఉంది. ముహమ్మద్ గురించి మీరేమంటారని ఖలీఫా అడిగినప్పుడు, ఆయన ప్రవక్తల దారిలో నడిచాడని, తన ప్రజలను విగ్రహాల నుంచి ఒకే దేవుడి వైపు తిప్పాడని తిమోతి గౌరవంగానే చెప్పాడు. అలాగని తన విశ్వాసంలో ఒక్క ముక్కా వదులుకోలేదు. యూట్యూబ్ డిబేట్లు చూసి వాదన నేర్చుకునే మన కుర్రాళ్ళకు ఇది చెప్పాలనిపిస్తుంది.

తర్వాత తౌహీద్, అంటే దేవుడు ఒక్కడేనన్న నమ్మకం. ముస్లింకు దేవుడి ఏకత్వం పది సిద్ధాంతాల్లో ఒకటి కాదు, ప్రాణం. దేవుడికి సాటి కల్పించడం, అంటే షిర్క్, పశ్చాత్తాపపడకుండా చనిపోతే క్షమాపణ లేని పాపమని ఖుర్ఆన్ 4:48 ఆధారంగా నమ్ముతారు. అందుకే మీరు “తండ్రి, కుమారుడు” అనగానే వాళ్ళ మనసులో భయం లేస్తుంది. ఆ భయాన్ని గౌరవించండి. “దేవుడు ఒక్కడే” అని ముందు మీ నోటితోనే చెప్పండి, మనస్ఫూర్తిగా చెప్పండి. “ఇశ్రాయేలూ వినుము. మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా” అని ద్వితీయోపదేశకాండము 6:4లో ఉంది. ఆజ్ఞలన్నిటిలో ప్రధానమైనది ఏదని అడిగితే యేసు మొదట పలికింది ఈ మాటే (మార్కు 12:29). మనం చర్చిలో చెప్పుకునే నైసియా విశ్వాస ప్రమాణం కూడా ఒకే దేవుని నమ్ముతున్నామనే మొదలవుతుంది. నేను ఇది చెప్పినప్పుడు మా సారు చాలాసేపు ఆలోచించి, “అంటే మీకు కూడా షిర్క్ తప్పేనా సార్?” అన్నాడు. అవునన్నాను. మా మధ్య అసలు సంభాషణ ఆ రోజే మొదలైంది.

లెక్కల సారు కదా, “ఒకటి, ఒకటి, ఒకటి కలిపితే మూడే” అనేవాడు. దానికి నేను చెప్పేది: మూడు వస్తువులను కలిపితే మూడు. మేం దేవుణ్ణి ముక్కలు చేసి కలపడం లేదు. దైవత్వం ఒక్కటే, అది విభజన కానిది. ఆ ఒక్క దైవత్వంలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఉన్నారు, ముగ్గురూ ఒకరినొకరు ఎరిగినవారు, ప్రేమించేవారు. దేవుడు ఏమిటి అంటే జవాబు ఒకటే. ఎవరు అంటే ముగ్గురి పేర్లూ చెబుతాం. ఇది పూర్తిగా బుర్రకెక్కుతుందని నేను అనను. దేవుడు మన బుర్రలో పట్టేంతవాడు కాడని ముస్లింలూ ఒప్పుకుంటారు. కానీ ఒకే మాటను అదే అర్థంలో ఒకటనీ, మూడనీ అనడం లేదన్న సంగతి మాత్రం వాళ్ళకు అర్థమవ్వాలి.

నాకు అన్నిటికంటే ఉపయోగపడింది దేవుని వాక్కు గురించిన చర్చ. ముస్లింల చరిత్రలోనే పెద్ద గొడవ జరిగింది: ఖుర్ఆన్, అంటే అల్లా వాక్కు, సృష్టించబడిందా, అనాదిగా ఉందా? 833లో ఖలీఫా అల్ మామూన్ అది సృష్టి అని ఒప్పుకోమని పండితులను నిలదీశాడు. ఇమామ్ అహ్మద్ ఇబ్న్ హంబల్ ఒప్పుకోలేదు. జైల్లో పెట్టారు, తర్వాతి ఖలీఫా కాలంలో కొరడాలతో కొట్టించారు. చివరికి సున్నీలలో నిలబడింది ఆయన మాటే. అల్లా వాక్కు సృష్టి కాదు, అయినా రెండో దేవుడూ కాదు. ఇది మీ ఫ్రెండ్‌కు తెలిసే ఉంటుంది, లేకపోతే మసీదులో అడిగి తెలుసుకుంటాడు. ఆ తర్వాత యోహాను సువార్త మొదటి వచనం చదవండి: “ఆదియందు వాక్యముండెను, వాక్యము దేవునియొద్ద ఉండెను, వాక్యము దేవుడై యుండెను.” దేవుడు తన వాక్కు లేకుండా ఎప్పుడైనా ఉన్నాడా అని అడగండి. 325లో నైసియాలో జరిగిన సంఘ పెద్దల సభలో అరియస్ అనే బోధకుడితో వచ్చిన వివాదం దాదాపు ఇదే. కుమారుడు లేని కాలం ఒకటుందని అరియస్ అన్నాడు, సభ కాదన్నది. ఆ ఊరు ఇప్పటి టర్కీలోని ఇజ్నిక్.

ఇక్కడ నిజాయితీగా ఉండాలి. ముస్లింల దృష్టిలో వాక్కు అల్లా గుణం. అది వ్యక్తి కాదు, మనిషిగా పుట్టదు. మన విశ్వాసంలో ఆ వాక్యమే శరీరధారి అయ్యింది. అసలు తేడా ఇదే, దీన్ని దాచకండి. మనవాళ్ళు కొందరు “ఖుర్ఆన్‌లో ఈసాను కలిమతుల్లా (దేవుని వాక్కు), రూహుల్లా (దేవుని ఆత్మ) అన్నారు, చూశావా, త్రిత్వం మీ గ్రంథంలోనే ఉంది” అంటారు. నాకిది నచ్చదు. ఈసాను దేవుని వాక్కు అన్న 4:171లోనే “మూడు అనకండి” అని కూడా ఉంది. దేవుడు “అవ్వు” అంటే ఈసా అయ్యాడని 3:59 ఆధారంగా వాళ్ళు అర్థం చేసుకుంటారు. వాళ్ళ గ్రంథానికి వాళ్ళొప్పుకోని అర్థం అంటగట్టి గెలవాలనుకుంటే మన మాట మీద నమ్మకం పోతుంది.

నైసియా సభను పిలిపించిన రోమా చక్రవర్తి కాన్‌స్టాంటిన్ యేసును దేవుణ్ణి చేశాడనే మాట కూడా వస్తుంది. 112 ప్రాంతంలో రోమా అధికారి ప్లినీ, చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన ఉత్తరంలో క్రైస్తవులు తెల్లవారకముందే కూడి, క్రీస్తును దేవుడిగా ఎంచి కీర్తనలు పాడుతున్నారని ఉంది. నైసియాకు రెండు వందల ఏళ్ళ ముందు, క్రైస్తవుడు కాని మనిషి రాసిన సాక్ష్యం ఇది. మరో జాగ్రత్త: ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిల్లో 1 యోహాను 5:7 చూపించి త్రిత్వం రుజువు చేయకండి. ఆ మాటలు పాత గ్రీకు ప్రతుల్లో లేవు. చదువుకున్న ముస్లింలకు ఇది తెలుసు.

ఇక మిమ్మల్ని ఆపేసిన ప్రశ్న. యేసు ప్రార్థించింది తండ్రికి. తండ్రి వేరు, కుమారుడు వేరు, దైవత్వం ఒక్కటి. కుమారుడు మనిషిగా వచ్చినప్పుడు నిజంగా మనిషయ్యాడు. ఆకలేసింది, అలిసిపోయాడు, గెత్సేమనేలో వేదనపడ్డాడు. మనిషి దేవునికి ప్రార్థించాల్సిన తీరులోనే ప్రార్థించాడు. “తన్ను తానే రిక్తునిగా చేసికొనెను”, అంటే తనను తాను ఖాళీ చేసుకున్నాడు అని ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2:7 చెబుతుంది. “తండ్రి నాకంటె గొప్పవాడు” (యోహాను 14:28) అన్న మాట చూపిస్తే భయపడకండి, అది కూడా ఈ తగ్గింపులో భాగమే. అదే సువార్త 17:24లో జగత్తు పునాది వేయకముందే తండ్రి తనను ప్రేమించాడని యేసు అంటాడు. నాకు త్రిత్వం లెక్క కంటే ఈ వచనం ముఖ్యం. మనుషులూ దేవదూతలూ లేనప్పుడు కూడా దేవుడిలో ప్రేమ ఉంది. ప్రేమించడానికి ఆయనకు సృష్టి అవసరం రాలేదు. ఇది చెప్పేటప్పుడు నా గొంతు మారుతుందని మా సారు అంటాడు. ఆయన నమ్మలేదు, నమ్మమని నేను ఒత్తిడి చేయలేదు.

పరిశుద్ధాత్మ అంటే జిబ్రాయీల్ దూత అని వాళ్ళు అర్థం చేసుకుంటారు, అది గుర్తుంచుకోండి. మనకు ఆయన దూత కాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ తర్వాత వాడుకలోకి వచ్చిన విశ్వాస ప్రమాణం ఆయనను తండ్రితో, కుమారునితో కూడ ఆరాధన పొందేవాడంటుంది.

ఒక్కొక్కరితో మాట్లాడండి, నలుగురి ముందు వద్దు. బైబిల్‌ను కింద పెట్టకండి, దాని మీద వేరే సామాను పెట్టకండి. గ్రంథం పట్ల మన గౌరవాన్ని వాళ్ళు గమనిస్తారు. మీ ఫ్రెండ్ ఇష్టపడితే మార్కు 2వ అధ్యాయంతో మొదలుపెట్టండి. పక్షవాతం ఉన్నవాడితో యేసు “నీ పాపములు క్షమింపబడియున్నవి” అంటే, అక్కడున్న శాస్త్రులు దేవుడొక్కడే తప్ప పాపాలు క్షమించగలవాడెవడని మనసులో అనుకుంటారు. మీ ఫ్రెండ్ కూడా సరిగ్గా అదే అడుగుతాడు. అప్పుడు తొందరపడి జవాబు చెప్పకండి, తర్వాతి వచనాలు ఆయన్నే చదవనివ్వండి.