మార్పును కౌగిలించుకోవచ్చునా?

ప్రశ్న: మా అమ్మాయి నాట్యం నేర్చుకునే చోట ఇచ్చిన కరపత్రంలో ‘జీవితంలోనూ కళలోనూ మార్పును ఆలింగనం చేసుకోండి’ అని ఉంది. ఈ వాడుక సరైనదేనా? ‘నూతన మార్పు’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: వ్యాకరణం తప్పు పట్టదమ్మా, చెవి మాత్రం ఒప్పుకోదు. ఆలింగనానికి రెండు చేతులూ, ఎదుట ఒక ఒళ్లూ కావాలి. కవి రూపకంగా అంటే వింటాం. కరపత్రంలో అంటే ఇంగ్లీషు మాటకు పంచె కట్టి పంపినట్టుంటుంది. పైగా మనవాళ్లలో పేరుమోసిన కౌగిలి ధృతరాష్ట్రుడిది. స్త్రీపర్వంలో ఇనప భీముడు ఆ చేతుల్లోనే నుగ్గయ్యాడు. మార్పును ఆ తీరున కౌగిలించుకునే సంస్థలకూ కొదవలేదనుకోండి.

అసలు మాట ‘మాఱు’, బండి ఱ. (మారుడంటే మన్మథుడు, ఆ ‘ర’ వేరు. కౌగిళ్లు ఆయన శాఖవి.) ఇంకొకటి, రెండోది, బదులుగా వచ్చేది అని దీని అర్థాలు. మారుపేరు, మారుతల్లి, మారుబేరం, మారాకు: అన్నిటికీ వెనక మొదటిది ఒకటి ఉంటుంది. మొదటి ఆకు లేనిదే మారాకు ఎక్కడిది?

ఈ మాటకు భాష్యం కావాలంటే తిక్కనగారి విరాటపర్వం తెరవాలి. అది మారుపేర్ల, మారువేషాల పర్వం. జూదంతో అడవులపాలైన ధర్మరాజు కంకుభట్టై విరాటుడి కొలువులో పాచికలే ఆడతాడు. భీముడు వలలుడై గరిటె పట్టాడు. కీచకుడి దగ్గరికొచ్చేసరికి చేతులు పాతవే. అర్జునుడు బృహన్నలై ఉత్తరకు నాట్యం నేర్పాడు. అది అజ్ఞాతవాసం కోసం హడావిడిగా నేర్చిన విద్య కాదు, స్వర్గంలో చిత్రసేనుడి దగ్గర అభ్యసించింది. ఊర్వశి శాపం కూడా అక్కడిదే, అదీ అక్కరకొచ్చింది. గాండీవం జమ్మిచెట్టు మీదే ఉంది. గడువు తీరగానే దింపుకున్నాడు. మీ అమ్మాయి గురువులు కరపత్రంలోకి ఎక్కించవలసింది ఈయన్ని!

కవిగారి సంగతీ అంతే. నిర్వచనోత్తర రామాయణంలో వచనం మచ్చుకైనా లేకుండా అంతా పద్యాలతోనే నడిపి, పేరులోనే ఆ పంతం చాటుకున్న మనిషి. భారతానికి వచ్చేసరికి పద్యమూ గద్యమూ కలిపి రాస్తానని అవతారికలోనే చెప్పేశాడు. అది నన్నయ వేసిన బాట. 15 పర్వాల కథకు వచనం ఊపిరి తీసుకునే చోటు ఇస్తుంది. మొదటి కావ్యం మనుమసిద్ధికి, భారతం హరిహరనాథుడికి. పద్ధతీ మారింది, కృతిపతీ మారాడు.

ఇక కరపత్రం. మారు అకర్మకం, మార్చు సకర్మకం అని మీకు తెలిసిందే. ‘ఆలింగనం’ చాటున ఈ తేడా దాక్కుంది: మారవలసింది ఎవరు, మార్చింది ఎవరు? తరగతి వేళలు జరిపితే ‘వేళలు మార్చాం’ అనాలి. పిల్లల అడవుల్లో (నాట్యంలోని మొదటి అడుగుల్లో) లోపం ఉంటే ‘మార్చుకోండి’ అనాలి. ఊరికే హితవైతే ‘మార్పుకు అలవాటు పడండి’ చాలు. ‘స్వాగతించండి’ అన్నా అభ్యంతరం లేదు. ‘అక్కున చేర్చుకోండి’ కొంత నయం, కాని అందులో దిక్కులేనివాళ్లను ఆదరించే ధ్వని ఉంది. నాట్యం పాఠంలో ‘ఆలింగనం’ ఒక అభినయంగా వస్తే నాకు పేచీ లేదు.

‘నూతన మార్పు’లో సంస్కృత విశేషణం తెలుగు మాట పక్కన బిగుసుకుని నిలబడింది. ‘కొత్త మార్పు’ హాయి. అదీ ఇంతకుముందు ఒక మార్పు జరిగి, ఇది మరొకటి అయినప్పుడే. లేకుంటే ‘మార్పు’ ఒక్కటే రాయమనండి.