ఆర్కిటెక్చర్ వాళ్లతో కలిసి గ్రీన్ బిల్డింగ్ ప్రాజెక్ట్ చేస్తే మెకానికల్ స్టూడెంట్‌కి ఉపయోగం ఉంటుందా?

ఉంటుందండీ, ప్లాన్ గీయకముందే మిమ్మల్ని పిలిస్తే. నన్ను గీశాక పిలిచారు.

ఫైనలియర్‌లో సోలార్ డెకాథ్లాన్ ఇండియా అనే విద్యార్థుల బిల్డింగ్ డిజైన్ పోటీ కోసం వేరే కాలేజీ ఆర్కిటెక్చర్ వాళ్లతో టీమ్ కట్టాం. మొదటి మీటింగ్‌లో వాళ్లు అడిగింది ఒక్కటే: "ఏసీ ఎన్ని టన్నులు పడుతుంది?" నేనూ బుద్ధిగా నూట ఇరవై చదరపు అడుగులకి ఒక టన్ను చొప్పున లెక్కేసి చెప్పేశాను. తప్పు అక్కడే జరిగింది.

తర్వాత బిల్డింగ్‌కి ఎంత ఎనర్జీ పడుతుందో లెక్కకట్టే ఎనర్జీప్లస్ సాఫ్ట్‌వేర్‌లో రన్ చేస్తే సాయంత్రం నాలుగింటికి ఏసీ మీద లోడ్ ఒక్కసారిగా ఎగిసింది. హాలుకి పడమటి వైపు నిలువెత్తు అద్దం! తీసేయమన్నాను. "చెరువు అటే ఉంది కదా" అన్నారు. సరే, సన్‌షేడ్ రెండడుగుల నుంచి నాలుగడుగులు చేశాం. అయినా పెద్దగా తగ్గలేదు. నేను సాఫ్ట్‌వేర్‌లో తప్పు వెతుకుతుంటే, వాళ్లలో ఒకమ్మాయి అట్టతో చేసిన మోడల్ ముందు ఫోన్ టార్చ్‌ని కిందికి పట్టుకుంది. వెలుగు సన్‌షేడ్ కిందనుంచి దూరి వెనక గోడదాకా పడింది. సాయంత్రం సూర్యుడు కిందికి దిగుతాడు, పైన ఎంత చాపినా ఆగడు. ఐడీ కార్డు తీసి అద్దం పక్కన ఏటవాలుగా నిలబెట్టింది, నీడ పడింది. అలాగే ఫిన్స్, అంటే నిలువు పలకలు, పెట్టి మళ్లీ రన్ చేస్తే లోడ్ దిగింది, చెరువూ కనిపించింది. దక్షిణం వైపైతే మాత్రం మామూలు సన్‌షేడ్ చాలు.

ఏసీ గాలి తీసుకెళ్లే గొట్టం, అదే డక్ట్, విషయంలో ఇంకా అన్యాయం. అంతస్తు ఎత్తు పదడుగులు, బీమ్ పద్దెనిమిది అంగుళాలు, దాని కింద నా డక్ట్ పద్నాలుగు. మిగిలింది ఏడడుగుల నాలుగంగుళాలు, ఫాల్స్ సీలింగ్ ఇంకా వేయకుండానే! సబ్మిషన్‌కి వారం ఉందనగా డక్ట్‌ని కారిడార్ మీదుగా తిప్పాం. ఫైనల్స్‌కి వెళ్లలేదు లెండి.

మీ కాలేజీలో ఆర్కిటెక్చర్ లేకపోయినా పర్వాలేదు. ఐఐటీ బాంబే వాళ్లు ముంబైలోని రచనా సంసద్ ఆర్కిటెక్చర్ విద్యార్థులతో కలిసి టీమ్ శూన్యగా, 2014లో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో నిజంగానే సోలార్ ఇల్లు కట్టి పోటీలో నిలబెట్టారు.

అసలు చిక్కు టైమ్‌టేబుల్. రెండు కాలేజీల ఖాళీ గంటలు ఎప్పుడూ కలవవు, మా ఆదివారాలన్నీ దీనికే పోయాయి. పైగా నాకు క్రెడిట్లు రాలేదు, మేజర్ ప్రాజెక్ట్ విడిగా చేయాల్సొచ్చింది. మీరు మాత్రం సెమిస్టర్ మొదట్లోనే గైడ్‌ని ఒప్పించి దీన్నే మేజర్ ప్రాజెక్ట్‌గా రాయించుకోండి.