రాజీనామా రాసిచ్చి ఏజెన్సీలో మళ్లీ చేరమంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: విజయవాడ, గుంటూరుల్లో బ్రాంచీలున్న ఒక సూపర్‌మార్కెట్‌లో 9 ఏళ్లుగా బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేస్తున్నాను. బేసిక్, డీఏ కలిపి నెలకు 13,000 రూపాయలు. నిరుడు పాత యజమాని షాపులన్నీ వేరే కంపెనీకి అమ్మేశారు. అప్పట్నుంచి పద్ధతులన్నీ మారిపోయాయి. పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా డ్యూటీ, మధ్యలో భోజనానికి గంట, వారానికి ఒక రోజు సెలవు. కౌంటర్ల దగ్గర స్టూళ్లు తీసేశారు. క్యాష్ తగ్గితే ఆ షిఫ్టులో ఉన్న ఐదుగురి జీతాల్లోంచీ సమానంగా కోస్తున్నారు. దసరాకు ఇచ్చే డబ్బులు, స్టాఫ్‌కు సరుకుల మీద ఉండే 5 శాతం తగ్గింపు ఆపేశారు. చిన్న పొరపాటు జరిగినా రాత్రిపూట వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి తిడుతున్నారు. ఇప్పుడు అందరూ రాజీనామా చేసి ఒక ఏజెన్సీ తరఫున మళ్లీ చేరాలట, లేదంటే ఒంగోలు బ్రాంచికి పంపిస్తారట. మా బ్రాంచిలో 38 మందిమి. అందులో 22 మంది ఒకే రోజు సెలవు పెట్టి నిరసన తెలపాలనుకుంటున్నాం. చట్టం మా వైపు ఉందా?
– ఒక సోదరి, పటమట

జవాబు: అమ్మా, ముందు ఆ రాజీనామా కాగితం సంగతి చూద్దాం. దాని మీద సంతకం పెట్టకండి. తేదీ వేయకుండా సంతకం మాత్రం చేసివ్వమన్నా ఒప్పుకోకండి. గంటలు, కోతలు, బోనసు గురించి రేపైనా అడగవచ్చు. రాజీనామా ఒకసారి ఇచ్చాక అది బలవంతంగా రాయించుకున్నదని నిరూపించే భారం మీ మీదే పడుతుంది.

మీరు పోగొట్టుకునేది ఎంతో లెక్క చూడండి. గ్రాట్యుటీకి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున కడతారు, నెలను 26 రోజులుగా తీసుకుంటారు. 13,000ను 26తో భాగిస్తే రోజుకు 500. దాన్ని 15తో, 9 ఏళ్లతో హెచ్చిస్తే 67,500 రూపాయలు. రాజీనామా చేసినా 5 ఏళ్లు దాటిన సర్వీసుకు ఈ డబ్బు మీకు రావాల్సిందే, 30 రోజుల్లో ఇవ్వాలి. కానీ ఇలా రాయించుకునేవాళ్లు చాలామంది ఆ కాగితంలోనే ‘నాకు రావలసినవన్నీ ముట్టాయి’ అనే వాక్యం ఒకటి ఇరికిస్తారు. పైగా ఏజెన్సీలో మీ సర్వీసు సున్నా నుంచి మొదలవుతుంది. మీ తర్వాత చేరి ఇంకా 5 ఏళ్లు నిండని వాళ్ల పరిస్థితి మరీ అన్యాయం, వాళ్లు పూర్తిగా నష్టపోతారు.

యజమాని మారినంత మాత్రాన మీ సర్వీసు తెగిపోదు. వ్యాపారం చేతులు మారినప్పుడు కార్మికుల సర్వీసు ఆగకుండా కొనసాగాలి, షరతులు మునుపటికన్నా తక్కువగా ఉండకూడదు, పాత సర్వీసుకు కూడా కొత్త యాజమాన్యమే బాధ్యత వహించాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా, ఉద్యోగం నుంచి తీసేసినట్టే లెక్కగట్టి నోటీసు, పరిహారం ఇవ్వాలి. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ నియమం, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. కాబట్టి హెచ్‌ఆర్ వాళ్లకు ఈమెయిల్‌లో ఇలా రాయండి: ‘నేను ఫలానా తేదీ నుంచి ఈ సంస్థలో పనిచేస్తున్నాను. నా సర్వీసును కొనసాగిస్తూ ఉత్తర్వు ఇస్తే కొత్త నియామక పత్రం పరిశీలించడానికి సిద్ధంగా ఉన్నాను. రాజీనామా చేసే ఉద్దేశం నాకు లేదు.’ మీలో ఎవరైనా ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే, కంపెనీ దాన్ని ఆమోదించేలోపు వెనక్కి తీసుకోవచ్చు. ఒత్తిడి చేస్తే రాశానని, వెనక్కి తీసుకుంటున్నానని ఇవాళే మెయిల్ చేయమనండి. వారం గడిచాక పంపిన మెయిల్‌కు ఆ విలువ ఉండదు.

ఈ లోపు అందరూ ఒకసారి పీఎఫ్ పోర్టల్‌లో గానీ ఉమంగ్ యాప్‌లో గానీ సర్వీస్ హిస్టరీ తెరిచి చూడండి. మీకు చెప్పకుండానే కంపెనీ ‘డేట్ ఆఫ్ ఎగ్జిట్’ (ఉద్యోగం మానేసిన తేదీ) వేసేసి, ఏజెన్సీ కోడ్ కింద కొత్త మెంబర్ ఐడీ తెరిచి ఉండవచ్చు. అలా కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసుకోండి. రాజీనామా లేకుండా ఎగ్జిట్ వేశారంటే మీ కేసులో అంతకన్నా గట్టి కాగితం ఉండదు. ఇంకో మాట. 50 మంది, అంతకు మించి కాంట్రాక్టు కార్మికులుంటే సంస్థ ప్రధాన పనికి కాంట్రాక్టు కార్మికుల్ని పెట్టడాన్ని వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ నిషేధించింది, కొన్ని మినహాయింపులున్నాయి. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ ఏజెన్సీకి ఇచ్చారంటే అర్థముంది. సూపర్‌మార్కెట్‌లో బిల్లు కొట్టడం ప్రధాన పని కాదని వాదించడం మాత్రం ఎవరికైనా కష్టమే.

ఇక మీ బాధల్లో చట్టానికి ఆనేవి కొన్ని, ఆననివి కొన్ని. ‘మునుపటి మర్యాద లేదు’ అంటే లేబర్ ఆఫీసులో రాసుకోరు. గంటలు, జీతం, కోత, సెలవు, సర్వీసు అనే లెక్కల్లోకి తెచ్చి చెబితేనే రాసుకుంటారు. యూనిఫాం మార్చడం, కస్టమర్‌ను ఇలాగే పలకరించాలనడం, ఫోన్ లాకర్‌లో పెట్టమనడం లాంటివి యాజమాన్యం ఇష్టం. వాటి మీద పోట్లాడి బలం వృథా చేసుకోవద్దు.

గంటల విషయంలో మీ వాదన చాలా బలమైనది. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988 ప్రకారం వారానికి 48 గంటలే. రోజువారీ పరిమితిని 2025లో సడలించారు గానీ వారం లెక్క మారలేదు. మీరు రోజుకు 11 గంటల చొప్పున 6 రోజులు, అంటే 66 గంటలు చేస్తున్నారు. 18 గంటలు అదనం. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు ఇవ్వాలి. మీ గంట జీతం 62 రూపాయల 50 పైసలు, రెట్టింపు 125. వారానికి 2,250, నాలుగు వారాలకు 9,000 రూపాయలు. ‘ఇది ఫిక్స్‌డ్ శాలరీ, ఓటీ ఉండదు’ అన్న మాట చెల్లదు. ‘నువ్వు సీనియర్ అసోసియేట్‌వి, నీకు లేబర్ చట్టాలు వర్తించవు’ అంటే దానికీ బెదరకండి. హోదా పేరు కాదు, చేసే పని చూస్తారు. ప్రధానంగా మేనేజర్ పనో, పాలనా పనో చేసేవాళ్లు, సూపర్‌వైజర్ పని చేస్తూ 18,000 దాటి జీతం తీసుకునేవాళ్లు పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ‘కార్మికుడు’ అన్న నిర్వచనం బయటికి పోతారు.

క్యాష్ కోత గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది దీన్ని మామూలే అనుకుని వదిలేస్తారు. వేతనాల కోడ్ ప్రకారం డబ్బు తగ్గితే కోయవచ్చు. కాకపోతే ఆ డబ్బుకు లెక్క చెప్పాల్సిన మనిషి మీరే అయ్యుండాలి, తగ్గడం నేరుగా మీ నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, కోసే ముందు మీ సంజాయిషీ అడగాలి. 2,400 తగ్గిందని ఐదుగురికీ తలా 480 కోస్తే అందులో ఎవరి తప్పూ తేలలేదన్నమాటే. ఒకే లాగిన్ మీద ఇద్దరు ముగ్గురు బిల్లు కొట్టినా, బిల్లు రద్దు, రిటర్న్ ఎంట్రీలు సూపర్‌వైజర్ పాస్‌వర్డ్‌తో జరిగినా ఆ తగ్గుదల మీదని ఎలా తేలుస్తారు? అందుకే ఇకనుంచి షిఫ్ట్ మొదట్లో ఎంత క్యాష్ అప్పగించారో, చివర్లో నోట్లవారీగా ఎంత ఇచ్చారో స్లిప్ రాసి, క్యాష్ హెడ్ సంతకం తీసుకుని ఫొటో తీసి ఉంచండి. సంతకం పెట్టనంటే ఆ స్లిప్పే వాట్సాప్‌లో వాళ్లకు పంపండి. స్టాక్ ఆడిట్‌లో తేడా, కూరగాయల తరుగు, ఎక్స్‌పైరీ సరుకు, కస్టమర్లు ఎత్తుకుపోయినవి వ్యాపారంలో వచ్చే నష్టాలు. మీకు అప్పగించిన సరుకు కానప్పుడు వాటిని మీ జీతంలోంచి రాబట్టే హక్కు లేదు. ఆలస్యంగా వచ్చారని వేసే జరిమానా వేరు. దానికీ ముందు సంజాయిషీ అడగాలి, నెలలో అన్నీ కలిపి జీతంలో 3 శాతం దాటకూడదు. మీకు అది 390 రూపాయలు.

దసరా డబ్బులూ, 5 శాతం తగ్గింపూ యజమాని దయ అని మీరు అనుకుంటున్నట్టున్నారు. ఏళ్ల తరబడి ఇస్తూ వస్తే అది ఆనవాయితీగా వచ్చే సౌకర్యం. దాన్ని తీసేయాలన్నా, పని గంటలు మార్చాలన్నా, క్రమశిక్షణకు కొత్త నిబంధనలు పెట్టాలన్నా పారిశ్రామిక సంబంధాల కోడ్ 40వ సెక్షన్ కింద 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇస్తే మీ అంగీకారం అక్కర్లేదు, ఆ మాట నిజమే. కానీ ఆ వ్యవధిలో మీరు లేబర్ ఆఫీసులో వివాదం లేవనెత్తి, రాజీ ప్రక్రియ మొదలైతే, అది తేలేదాకా ఆ విషయంలో షరతులు మార్చకూడదు. యాజమాన్యాలు చాలావరకు నోటీసు ఎగ్గొట్టేది అందుకే. ఈ దసరా డబ్బుతో సంబంధం లేకుండా చట్టబద్ధ బోనసు ఒకటి ఉంటుంది. 20 మంది, ఆపైన పనిచేసే చోట, నెలకు 21,000 లోపు జీతగాళ్లకు కనీసం 8.33 శాతం. అది వచ్చిందో లేదో పే స్లిప్‌లో చూసుకోండి.

స్టూళ్ల గురించి అర్జీలో ఒక వాక్యం చేర్చండి. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. మీ కంపెనీకి చెన్నైలో షాపులుంటే అక్కడ కుర్చీలు వేసి ఇక్కడ తీసేయడమేమిటని అడగవచ్చు. వాట్సాప్ తిట్లకు లేబర్ చట్టంలో సూటిగా మందు లేదు. అయితే ఆ మాటల్లో ఆడవాళ్ల గురించి అసభ్యత ఉంటే పనిచేసే చోట లైంగిక వేధింపుల్ని అరికట్టే 2013 చట్టం కింద అంతర్గత కమిటీకి 3 నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. 10 మంది, ఆపైన ఉన్న ప్రతి సంస్థలో ఆ కమిటీ ఉండి తీరాలి.

ఒంగోలు బదిలీ సంగతి. నియామక పత్రంలో ‘ఏ బ్రాంచికైనా పంపవచ్చు’ అని ఉంటే కోర్టులు మామూలుగా జోక్యం చేసుకోవు. రాజీనామా ఇవ్వనన్నందుకే బదిలీ చేశారని చూపగలిగితే మాత్రం మీ వాదన నిలబడుతుంది. ఆ బెదిరింపు మాటల్లో కాకుండా మెసేజ్‌లో వచ్చేలా చూసుకోండి. ‘సార్, రాజీనామా ఇవ్వకపోతే ఒంగోలు పంపుతామన్నారు కదా, అది నిజమేనా’ అని మర్యాదగా అడిగితే చాలు.

22 మంది ఒకే రోజు సెలవు పెట్టాలన్న ఆలోచన మానుకోండి. ఇది మీరు అడగకపోయినా చెప్పేవాణ్ని. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం సగం మంది, ఆపైన కలిసి క్యాజువల్ లీవ్ పెడితే అది సమ్మె కిందికే వస్తుంది. 38లో 22 అంటే సగం దాటింది. సమ్మెకు కనీసం 14 రోజుల ముందు నోటీసు కావాలి. పదిమంది, అంతకు మించి కూడబలుక్కుని చెప్పకుండా మానేస్తే, మానేసింది ఒక్క రోజే అయినా, కారణం సరైంది కాదంటే 8 రోజుల దాకా జీతం కోసే వీలుంది. ఇప్పుడు తప్పంతా వాళ్ల వైపే ఉంది, మీరెందుకు పంచుకోవడం?

దీనికి బదులు 22 మందీ సంతకాలు చేసి ఒకే అర్జీ రాయండి. 20 మంది, ఆపైన ఉన్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, సగం మంది సభ్యులు కార్మికుల వైపు నుంచి ఉండాలి, 30 రోజుల్లో తేల్చాలి. కమిటీయే లేదంటే ఆ ముక్క కూడా అర్జీలో రాయండి. అర్జీని స్టోర్ మేనేజర్‌కు ఇచ్చి నకలు మీద స్టాంపు వేయించుకోండి. వేయనంటే హెడ్డాఫీసుకు స్పీడ్ పోస్ట్‌లో పంపండి. రిజిస్టర్డ్ పోస్ట్‌ను 2025లో అందులో కలిపేశారు కాబట్టి, కౌంటర్‌లో డెలివరీ రుజువు కావాలని చెప్పి రసీదు దాచుకోండి. డ్యూటీ చార్టులు, పంచింగ్ రికార్డు, పే స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్ తీసి పెట్టుకోండి. వాట్సాప్ గ్రూపును ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌లో దాచుకోండి, ఆ ఫోన్ మాత్రం అమ్మకండి, మార్చకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య చట్టం అడిగే ధ్రువపత్రం ఇవ్వాలంటే అసలు ఫోన్ చేతిలో ఉండటం మేలు.

జవాబు రాకపోతే విజయవాడలో మీ షాపు ప్రాంతం చూసే సహాయ లేబర్ అధికారికి గంటలు, సెలవుల మీద ఫిర్యాదు ఇవ్వండి. ఓవర్‌టైమ్, కోతల డబ్బు కోసం వేతనాల కోడ్ 45వ సెక్షన్ కింద విడిగా క్లెయిమ్ వేయాలి. దానికి 3 ఏళ్ల గడువుంది, డబ్బు చెల్లించామని నిరూపించుకోవాల్సింది యాజమాన్యమే. ఎవరినైనా తీసేస్తే దారి వేరు. ఆరు నెలలు దాటిన ఉద్యోగిని సహేతుక కారణం, నెల నోటీసు లేకుండా తీసేయకూడదని దుకాణాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. దాని మీద 48వ సెక్షన్ కింద లేబర్ శాఖలోని అధీకృత అధికారి దగ్గర అప్పీలు వేయాలి, తీసేసిన నెలలోనే వేయడం మంచిది. లాయర్ ఫీజు గురించి వెనకాడవద్దు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవల కమిటీలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు నియామక పత్రం, చివరి మూడు పే స్లిప్పులు, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ ప్రింటు పట్టుకెళ్లండి.