బోల్షివిక్కులకు పెట్రోగ్రాడ్ ఎలా చిక్కింది?

‘1917 ఫిబ్రవరిలో ఇరవై వేల పైచిలుకు సభ్యులున్న, లెనిన్ నాయకత్వంలోని బోల్షివిక్ పార్టీ అక్టోబర్‌కల్లా అధికారం ఎలా పట్టింది? ప్రభుత్వం కూర్చున్న వింటర్ ప్యాలెస్ మీద దాడితోనేనా?’ అని అడిగారు. ఆ రాత్రికి పని చాలావరకు అయిపోయిందండీ.

ముందు తేదీల గొడవ. అప్పటి రష్యా క్యాలెండర్ మనకన్నా 13 రోజులు వెనక. అందుకే అక్టోబర్ విప్లవానికి మనవాళ్లు నవంబర్ 7న జెండా ఎగరేస్తారు. కింద పాత తేదీలే వాడుతున్నాను.

అసలు కథంతా అప్పటి రాజధాని పెట్రోగ్రాడ్‌లోని (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) సైన్యం ఎవరి మాట వింటుందన్న దాని చుట్టూనే తిరిగింది. జార్ గద్దె దిగడానికి ఒకరోజు ముందు, మార్చి 1న, పెట్రోగ్రాడ్ సోవియట్ (కార్మికులు, సిపాయిలు ఎన్నుకున్న మండలి) ‘ఆర్డర్ నంబర్ 1’ ఇచ్చింది: ప్రతి దళంలో సిపాయిల కమిటీలు, ఆయుధాలు ఆ కమిటీల అదుపులో, డ్యూమా (పార్లమెంటు) సైనిక కమిషన్ ఆదేశాలు సోవియట్ మాటకు అడ్డురానంతవరకే చెల్లుబాటు. అయితే అప్పటికి సోవియట్‌లో బోల్షివిక్కుల ప్రత్యర్థి సోషలిస్టులైన మెన్షెవిక్కులు, రైతుల అండ ఉన్న ఎస్సార్లదే (సోషలిస్టు రివల్యూషనరీలు) పైచేయి. జూన్‌లో దేశంలోని సోవియట్లన్నిటి తొలి మహాసభలో కూడా 800 మందికి పైగా ప్రతినిధుల్లో బోల్షివిక్కులు 105 మందే.

వాళ్లకు దారి వేసింది జార్ తర్వాత వచ్చిన తాత్కాలిక ప్రభుత్వమే. యుద్ధం ఆపలేదు, భూమి పంపకం వాయిదా వేసింది. జులైలో వీధికెక్కిన జనం ఓడిపోయి లెనిన్ ఫిన్లండ్ పారిపోయినా, ఆగస్టులో సర్వసైన్యాధిపతి జనరల్ కోర్నిలోవ్ సేనలు రాజధాని మీదికి వచ్చేసరికి, వాటిని అడ్డుకోడానికి కార్మికుల చేతికి తుపాకులు అందాయి. ఆ తుపాకులు మళ్లీ వెనక్కి రాలేదు. సెప్టెంబర్‌లో పెట్రోగ్రాడ్, మాస్కో సోవియట్లు రెండూ బోల్షివిక్కుల వైపు తిరిగాయి.

అక్టోబర్ 10న బోల్షివిక్ కేంద్ర కమిటీ 10–2 ఓట్లతో తిరుగుబాటుకు ఒప్పుకుంది. కమిటీ సభ్యులు కామెనెవ్, జినోవియెవ్ కాదన్నారు. ఇక్కడ పెట్రోగ్రాడ్ సోవియట్ అధ్యక్షుడైన బోల్షివిక్ నేత ట్రాట్‌స్కీ నేర్పు చూడాలి. పార్టీ పిలిస్తే కదలని సిపాయి కూడా సోవియట్ పిలిస్తే కదులుతాడు, కాబట్టి పనంతా సోవియట్‌కు చెందిన సైనిక విప్లవ కమిటీ పేరు మీదే నడిచింది. రెజిమెంటుకో కమిసార్‌ను (కమిటీ ప్రతినిధిని) పంపారు. 22న ప్రకటన: కమిటీ సంతకం లేని ఏ ఆదేశమూ చెల్లదు. నా లెక్కలో అధికారం చేతులు మారింది ఆ కాగితంతోనే. మర్నాడు పీటర్–పాల్ కోట, దాని ఆయుధాగారం తిరుగుబాటుదారుల పక్షానికి వచ్చాయి. 24 తెల్లవారుజామున ప్రభుత్వం బోల్షివిక్ పత్రిక అచ్చాఫీసు మూయించింది. కమిటీ సిపాయిల్ని పంపి తెరిపించింది. ‘మమ్మల్ని మేం కాపాడుకుంటున్నాం’ అనే సాకు అలా దొరికింది. మర్నాడు పొద్దెక్కేలోపే తంతి ఆఫీసు, టెలిఫోన్ ఎక్స్ఛేంజి, స్టేట్ బ్యాంకు, స్టేషన్లు పట్టుకున్నారు. ప్యాలెస్‌కు కాపలా క్యాడెట్లు (శిక్షణలో ఉన్న సైనికాధికారులు), మహిళా బెటాలియన్‌లో ఒక భాగం, కొందరు కొసాక్కు గుర్రపు సిపాయిలు. వాళ్లలోనూ చాలామంది రాత్రికి జారుకున్నారు. ‘అరోరా’ నౌక పేల్చింది ఖాళీ తూటా. సినిమాల్లో చూపే జనసముద్రం అక్కడ లేదు.

అదే రాత్రి సోవియట్ల రెండో మహాసభ నుంచి మెన్షెవిక్కులు, మితవాద ఎస్సార్లు వాకౌట్ చేశారు. నన్నడిగితే శుద్ధ తెలివితక్కువ పని: బోల్షివిక్కులకు సొంత మెజారిటీ లేని సభను వాళ్లకే అప్పగించి వెళ్లారు.

మాస్కోలో మాత్రం వారం రోజులు నెత్తురు పారింది. నవంబర్‌లో జరిగిన రాజ్యాంగ సభ (దేశానికి రాజ్యాంగం రాయాల్సిన సభ) ఎన్నికల్లో బోల్షివిక్కులకు వచ్చింది దాదాపు నాలుగో వంతు ఓట్లే, ఎస్సార్లకు వాళ్లకన్నా చాలా ఎక్కువ. 1918 జనవరిలో ఆ సభ ఒక్కసారే కూర్చుంది. మర్నాడు తలుపులకు తాళం.