పోలికకి ఊరూ తేదీ ఉండాలి

మైలాపూర్, చెన్నై

అమ్మాయీ,

ప్యాటన్, సెంచూరియన్ ట్యాంకుల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యంలో తడబాటు లేదు, సమాచారం కోసం బాగా తిరిగావని తెలుస్తోంది. యుద్ధయంత్రాల గురించి తెలుగులో ఇంత ఓపిగ్గా రాసేవాళ్లు తక్కువ. నీ మీద ఆశ ఉంది కాబట్టే కాస్త గట్టిగా చెబుతున్నాను.

వ్యాసం మధ్యలో పట్టిక వేశావు. బరువు, కవచం, గన్ను, వేగం. దాని కిందే "కాబట్టి సెంచూరియనే మేటి" అని తీర్పు. అంకెలతో నాకు పేచీ లేదు. ఏ ఏడాది, ఏ నేల మీద, ఎంత దూరం నుంచి అన్నది మాత్రం ఎక్కడా లేదు. ఈ మూడూ చెప్పకుండా ఏ ట్యాంకు గొప్పదో తేల్చకు.

1965 సెప్టెంబరు తీసుకో, పాకిస్తాన్‌తో యుద్ధం. పంజాబ్ సరిహద్దులోని ఖేమ్‌కరణ్ చేజారింది. మన నాలుగో మౌంటెన్ డివిజన్ వెనక్కి వచ్చి అసల్ ఉత్తర్ అనే పల్లె దగ్గర గుర్రపు నాడా ఆకారంలో కాచుకుంది. పొలాల్లోకి నీళ్లు వదిలారు. చెరుకు నిలువెత్తున ఉంది. పాకిస్తాన్ వాళ్ల ప్యాటన్‌కి 90 ఎంఎం గన్ను, దూరం కొలవడానికి రేంజ్ ఫైండర్ ఉన్నాయి. దూరాన ఉన్నదాన్ని మొదటి గుండుకే కొట్టడానికి చేసిన ఏర్పాటు అది. చెరుకు తోటలో ఎదుటి ట్యాంకు కనపడేసరికే అది దగ్గర్లో ఉంటుంది. అంత దగ్గర్లో రేంజ్ ఫైండర్‌తో పనేముంది? పైగా 40 టన్నులు దాటిన బండి బురదలో దిగబడింది. మన సెంచూరియన్ అంతకంటే బరువు, నడక కూడా నెమ్మది. కానీ ఆ రోజు దానికి పరుగెత్తాల్సిన అవసరమే లేదు, చాటున కూర్చుని కొట్టింది. నీ పట్టికలో లోపంగా వేసిన బరువు, వేగం అక్కడ లెక్కలోకే రాలేదు.

మన దగ్గరున్న షెర్మన్ ట్యాంకు పాతబడిందని ఒక్క ముక్కలో తేల్చేశావు. పాతదే, రెండో ప్రపంచ యుద్ధం నాటిది. అదే అసల్ ఉత్తర్‌లో డెక్కన్ హార్స్ వాళ్లు షెర్మన్లతోనే నిలబడ్డారు. ఆ రెజిమెంటు మూలాలు నిజాం కాలపు హైదరాబాద్ అశ్వదళంలో ఉన్నాయి. తెలుగు పాఠకుడికి ఆ సంగతి చెప్పకుండా ఎలా వదిలేశావు?

అదే పోరులో ప్రాణమిచ్చిన మన సైనికుడు అబ్దుల్ హమీద్ గురించి "వీరోచితంగా పోరాడాడు" అని రాసి ముందుకెళ్లిపోయావు. అక్కడ ఆగాలి. ఆయనది ట్యాంకు కాదు, జీపు మీద బిగించిన 106 ఎంఎం రికాయిల్‌లెస్ గన్ను. చుట్టూ కవచమన్నదే లేదు. ఆ గన్ను పేలిస్తే వేడి గ్యాసు వెనక నుంచి ఎగదన్నుతుంది, దుమ్ము లేస్తుంది. జీపు ఎక్కడుందో అవతలివాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. కొట్టిన వెంటనే చోటు మార్చాలి, మళ్లీ పొలంలో దాక్కోవాలి, మళ్లీ కొట్టాలి. సెప్టెంబరు 10న ప్రాణం పోయేదాకా ఆయన చేసింది ఇదే. ఆ దుమ్ము పాఠకుడికి కనపడేలా రాయి, వీరత్వం అన్న మాట రాయకపోయినా ఫరవాలేదు.

పట్టికకి ఎక్కని సంగతి ఇంకోటి ఉంది. టరెట్‌లో, అంటే గన్ను బిగించి ఉండే పైన తిరిగే గదిలో, ఎంతమంది, ఎవరి చేతికి ఏ పని? 1941 నాటి రష్యా ట్యాంకు టీ-34 ముందు పలక మందం 45 ఎంఎం, దాన్ని నిలువు నుంచి 60 డిగ్రీలు వంచారు. అడ్డంగా వచ్చే గుండు 90 ఎంఎం ఉక్కు తొలవాలి. అద్భుతమైన ఆలోచన. కానీ ఆ టరెట్‌లో ఉండేది ఇద్దరే. కమాండరే గురి చూడాలి, గన్ను పేల్చాలి, చుట్టుపక్కల ఏం జరుగుతోందో కూడా ఆయనే కనిపెట్టాలి. కవచం పలచనైన జర్మన్ పాంజర్-3 టరెట్‌లో ముగ్గురు కూర్చునేవాళ్లు. గన్ను పని ఇద్దరు చూసుకుంటే కమాండర్ కళ్లు బయటే ఉండేవి. 1944లో వచ్చిన టీ-34-85లో రష్యావాళ్లూ ముగ్గుర్ని పెట్టారు. పేరు అదే, లోపలి పని వేరు. అందుకే ఏ ట్యాంకు పేరు రాసినా పక్కన ఏడాది కూడా రాయి.

నువ్వుండేది ఆవడిలో. విజయంత నుంచి అర్జున్ దాకా మన ట్యాంకులు తయారైన ఊరు. అక్కడ ఫ్యాక్టరీలో రిటైరైన తెలుగువాళ్లు నీ వీధిలోనే ఉంటారు. వెళ్లి మాట్లాడు. రహస్యాలు అడక్కు, వాళ్లని టెన్షన్ పెట్టకు. డ్రైవర్ ఎలా కూర్చుంటాడు, మన ఎండకి లోపల ఎలా ఉంటుంది, తెగిన ట్రాక్ ఎలా వేస్తారు, ఇవి చాలు. అర్జున్‌కి నలుగురు కావాలి, టీ-90కి ముగ్గురు సరిపోతారు. నాలుగో మనిషి ఉంటే ఏం కలిసొస్తుందో వాళ్లనే అడుగు.

చివరగా, నీ వ్యాసం అసల్ ఉత్తర్ విజయంతో ముగిసింది. అలా ముగించకు. అదే నెలలో పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ వైపు మన సెంచూరియన్లే ఎదురెళ్లాయి. ఫిల్లోరా గెలిచాయి, చవిండా ముందు ఆగిపోయాయి. పూనా హార్స్ రెజిమెంటుకి నాయకత్వం వహించిన తారాపూర్ ఆ పోరులోనే అమరుడయ్యాడు. అక్కడ కాచుకున్నది ప్యాటన్లు, ముందుకెళ్లాల్సింది మనం. ట్యాంకులు అవే, పాత్రలు తారుమారయ్యాయి. సెంచూరియనే మేటి అన్న నీ తీర్పుకి చవిండా ఏం జవాబిస్తుందో ఒక పేజీ రాసి పంపు. పట్టిక తీసెయ్యక్కర్లేదు, దాని తర్వాత ఆ పేజీ పెట్టు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు