బడి లెక్కలు అడిగితే తప్పా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. మా బాబు చదివే సర్కారు బడికి గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి ఖర్చుపెట్టారు అని అడిగితే 'నీకెందుకమ్మా అవన్నీ' అంటున్నారు. అడిగే హక్కు నాకు లేదా?
– ఒక తల్లి

జవాబు: ఉందమ్మా, టెన్షన్ పడకండి. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలి, ప్రభుత్వం నుంచి వచ్చే గ్రాంట్ల వినియోగాన్ని చూడటం ఆ కమిటీ పనే. చాలాచోట్ల కమిటీ మీటింగ్ పెట్టకుండానే రిజిస్టర్ సభ్యుల ఇంటికి పంపించి సంతకం పెట్టించుకుంటారు, అది మీటింగ్ కాదు కదా! ముందు కమిటీలో ఎవరున్నారో కనుక్కొని, తీర్మానాల రిజిస్టర్ చూపించమని అడగండి.

చూపించకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయొచ్చు, ఎందుకు అడుగుతున్నారో కారణం చెప్పక్కర్లేదు. 'అవినీతి జరిగిందా' అని రాస్తే జవాబు రాదు. ఏ సంవత్సరం క్యాష్ బుక్, ఏ బిల్లుల నకళ్లు కావాలో విడివిడిగా రాయండి. తెల్లకార్డు ఉంటే జిరాక్స్ జతచేయండి, ఫీజు ఉండదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే పై అధికారికి మొదటి అప్పీలు, అది పెట్టుకోవడానికీ గడువు 30 రోజులే. అన్నట్టు, దరఖాస్తు అందినట్టు రసీదు తీసుకోవడం మరచిపోకండి.